కవరులో పెట్టిన తోరణం

ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు, ఒక ఫిబ్రవరిలో, తూనికలు కొలతల శాఖ ఇన్‌స్పెక్టర్‌గా నన్ను ఆర్మూరుకు వేశారు. పసుపు సీజన్ కావడంతో కమీషన్ దుకాణాల కాంటాలు తనిఖీ చేసి ముద్ర వేయడంతోనే పొద్దు గడిచేది. నన్ను చూడగానే బజారులో నమస్కారాలు ఎక్కువయ్యేవి, చాయ్‌లు కూడా.

అప్పుడే ఒక ఫ్యాన్సీ దుకాణం సేటు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాడు. గంగమణి అనే ఆమె ఇంట్లో పూసల తోరణాలు అల్లి, కవరు మీద ఏ వివరాలూ లేకుండా అమ్ముతున్నదని, కొనేవాళ్లు మోసపోతున్నారని. కొనేవాళ్ల మీద అంత ప్రేమ గల వ్యాపారిని నా సర్వీసులో అదే మొదటిసారి చూడటం.

వెళ్లి చూస్తే ప్రతి తోరణం కవరులో మూసి ఉంది. చిక్కంతా అక్కడే. విడిగా అమ్మితే మా నియమాలు వర్తించవు. ముందే కవరులో మూసిపెడితే మాత్రం తయారు చేసినవారి పేరు, చిరునామా, నెల, సంవత్సరం, గరిష్ఠ ధర, ఫిర్యాదుకు ఫోన్ నంబరు ఉండాలి. కవరు ఎందుకు వేశావమ్మా అని అడిగాను.

“పసుపు దుమ్ము సారూ. పక్కనే కొమ్ములకు పాలిష్ పడుతరు. తెల్ల పూసలు పొద్దుగూకేసరికి పచ్చగైతున్నయ్.”

పెళ్లిళ్ల కోసం ఆరు నెలలుగా అల్లిన సరుకది. జప్తుకు పంచనామా కాగితం తీశాను. “గివి తీస్కపోతే మా ఇల్లెట్ల నడుస్తది సారూ?” అన్నది. వారంలో చీటీలు అంటించమని నోటీసు ఇచ్చి వచ్చాను. దయ అనుకోవద్దు, జప్తు చేస్తే అవన్నీ ఆఫీసుకు మోయాల్సింది నేనే.

వారానికి చీటీలు చక్కగా అంటించింది. తయారు చేసినవారి పేరు దగ్గర మాత్రం మస్కట్‌లో ఉన్న భర్త పేరు.

“ఇంటాయన పేరు లేకుంటె మంచిగుండదు సారూ.”

మస్కట్‌లో ఉండి ఆర్మూరులో తోరణం ఎట్లా అల్లుతాడన్నాను. అల్లినవాళ్ల పేరే ఉండాలన్నాను. “గట్లయితే నా పేరే ఏస్త” అన్నది. ఫోన్ నంబరూ తనదే వేసింది. నాకు సంతోషమనిపించింది, కానీ తనిఖీ నివేదికలో దానికి గడి లేదు.

ఏప్రిల్‌లో సేటు మళ్లీ వచ్చాడు. “సారూ, గా ఫోన్ నంబర్ తీసేయుమని చెప్పుండ్రి. నా దుకాణంల కొన్నోళ్లు గూడ సీదా ఆమెకే ఫోన్ కొడ్తున్నరు. ఇన్నేండ్లు ఆమె తాన కొన్న తోరణాలకు నా పేరు చీటీ ఏసి అమ్మిన, ఎవ్వలూ అడగలె!”

ఇతరులు చేసిన సరుకుకు తానే తయారుదారునని చీటీ వేయడం నేరం. ఆ సంగతి ఆయన నోటితోనే చెప్పాడు కాబట్టి దుకాణానికి వెళ్లి, మిగిలిన పాత చీటీల సరుకు చూసి, కేసు రాశాను. పంచనామా కాగితం ఫిబ్రవరిలో తీసి సంచిలో పెట్టుకున్నదే.

అప్పటి నుంచి రిటైరయ్యే దాకా, ఎవరి మీద ఫిర్యాదు వచ్చినా ముందు ఫిర్యాదు చేసినవారి దుకాణమే తనిఖీ చేసేవాణ్ని. ఆర్మూరులో ఫిర్యాదులు బాగా తగ్గాయి.