కిలోన్నర తూగిన నలభై పౌండ్ల విల్లు

ఇప్పుడంటే ఏది కొనాలన్నా ఫోన్‌లో నాలుగు వీడియోలు చూసి, నలుగురి అభిప్రాయాలు చదివి, ఆ వస్తువు ఇంటికి రాకముందే దాని మీద సగం విసుగు తెచ్చుకుంటున్నాం. నేను డిగ్రీ మొదటి సంవత్సరం చదివే రోజుల్లో మా తాండూరులో విల్లు అనేదాన్ని డబ్బిచ్చి కొనుక్కోవచ్చని తెలిసినవాళ్ళు బహుశా ఇద్దరే. ఒకణ్ణి నేను, రెండోవాడు మా నాయిన. ఆయనకైనా నేను చెబితేనే తెలిసింది. ఆ కొనుగోలు కథ ఎవరికి చెప్పినా నవ్వుతారు. నేను నవ్వించాలని చెప్పను. నాది పుట్టుకతోనే ఏడుపు మొహం (మా పెళ్ళి ఫోటోల్లో కూడా ఎవరి దినానికో భోజనానికొచ్చినవాడిలా కనిపిస్తానని నా భార్య ఇప్పటికీ అంటుంది), ఆ ఏడాది మొహానికి తగ్గ కారణం కూడా ఉండేది.

ముందటి చలికాలంలో మా అమ్మ పోయింది. చాలా నెలల పాటు కడుపు పట్టుకుని వంటగదిలో కూర్చుండిపోయేది. ఏమైందని ఎవరడిగినా “ఏం గాలే, మంచిగనే ఉన్న” అనేది. అందరం నమ్మాం. నమ్మడం సులువు కాబట్టి నమ్మాం. హైదరాబాద్ ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి డాక్టరు మమ్మల్నే తిట్టాడు. తర్వాత ఇంట్లో నేనూ నాయినా మిగిలాం. నాయినకు కందుల కమీషన్ దుకాణం. దుకాణంలో తూకాలు అరిచి చెప్పడం తప్ప ఆయన నోటి వెంట మాట రావడం ఆగిపోయింది. ఇంట్లో రోజుకు రెండు మాటలు. “తిన్నవా?” “తిన్న.” అంతే. తొమ్మిది నెలలు ఆ రెండు మాటల మీదే బతికాం.

నేను రోజూ పొద్దున రైలెక్కి వికారాబాద్ కాలేజీకి పోయేవాణ్ణి. అక్కడి మైదానంలో ఓ మూలకు పిల్లలతో బాణాలు వేయించే సార్ ఒకాయన ఉండేవాడు. అందరూ బాణం సార్ అనేవాళ్ళు. గురి చూపించే అద్దాలు, బరువులు ఏవీ లేకుండా ఉత్త కంటితో, ఉత్త చేతితో వేసే పాత పద్ధతి ఆయనది. నేను అందులో చేరడానికి గొప్ప కారణం ఏమీ లేదు. ఒంటరిగా నిలబడి, ఎవరితోనూ మాట్లాడకుండా, మొహం ఎలా పెట్టినా ఎవరూ ఏమీ అనని ఆట అదొక్కటే. చిత్రంగా నాకు అది వచ్చింది. “జిల్లా జట్టుకు నెలరోజుల్ల ఎంపిక ఉంది, నువ్వు నిలవడ్తవ్. కానీ గీ వెదురుబద్దతోని గాదు, సొంత విల్లు కొనుక్కో,” అన్నాడు సార్. చివరలు ముందుకు వంపు తిరిగి ఉండే రికర్వ్ విల్లు కొనమని, ఎలా చూసి కొనాలో ఒక చీటీ మీద రాసిచ్చాడు. చివరన కింద గీత గీసి మరీ రాసింది ఒకటుంది. ఇరవై నాలుగు పౌండ్లు, అంతకు మించొద్దు.

నాయినను అడిగాను. ఆయన “పోదాం తియ్” అన్నాడు. రెండు మాటల ఇంట్లో మూడో మాట పుట్టింది.

వికారాబాద్‌లో ఒక ఆటసామాన్ల దుకాణం ఉండేది. దాని యజమానిని మేం బ్యాట్ల శేటు అనుకునేవాళ్ళం, ఆయనకు క్రికెట్ బ్యాట్ల గురించి తప్ప మరేదీ తెలియదు కాబట్టి. ఎవరో తెప్పించి తీసుకుపోని విల్లులు అటక మీద ఉంటే దించి బల్ల మీద పరిచాడు. అప్పుడు చూడాలి మా నాయినను. నా చేతిలో చీటీ చేతిలోనే ఉంది. ఆయన విల్లును అందుకుని, కందులు అరచేతిలో పోసుకుని చూసినట్టే, వేలితో అంచు పొడవునా రుద్దాడు. కర్ర పొరలు ఎక్కడైనా లేచాయా అని గోటితో గీకాడు. ఒక కన్ను మూసి కొస నుంచి కొసకు చూసి, “శేటూ, దీని రెక్క జర ఎడమకు తిరిగింది, తీసి పక్కకు పెట్టు,” అన్నాడు. నారి సరిగ్గా నడిమధ్య నుంచి పోతుందా లేదా చూడమని సార్ చీటీలో రాసింది అదే. పిడి నా పిడికిట్లో పెట్టి వేళ్ళు మూసి చూశాడు. వాసన కూడా చూశాడు (ఇది చీటీలో లేదు). ఆఖరికి రెండు విల్లులు మిగిలాయి. రెండూ నిక్కచ్చిగా ఉన్నాయి.

“గీ నంబర్లేంది శేటూ?”

“పౌండ్లు. ఇది ఇరవై నాలుగు, అది నలభై.”

“పౌండంటె ఎంత?”

“గది ఫారిన్ తూకం. మనకెందుకు?” అన్నాడు శేటు. నిజానికి ఆయనకూ తెలియదు.

“ధర?”

“రెండింటికి ఒక్కటే.”

మా నాయిన నా వైపు తిరిగాడు. తిరిగి నవ్వాడు. తొమ్మిది నెలల తర్వాత, పై పళ్ళు కనబడేలా నవ్వాడు. “సూసినవా? ఒక్క ధరకు నలభై వస్తుంటె ఇరవై నాలుగు అంటగడదామని జూస్తుండు. మనం గంత అమాయకుల లెక్క కనవడుతున్నమా?”

అప్పుడు నేను చెప్పాల్సింది. పౌండ్లంటే విల్లు బరువు కాదు నాయినా, నారి లాగడానికి పట్టే బలం, నలభై లాగడం నా వల్ల కాదు అని. చీటీ చేతిలోనే ఉంది. దాన్ని నలిపి జేబులో పెట్టుకున్నాను. “నలభైదే తీసుకుందాం నాయినా,” అన్నాను. ఇప్పుడు మీరు నన్ను తిట్టుకోవచ్చు. ఆ నవ్వు మీరు చూడలేదు.

మర్నాడు బాణం సార్ విల్లును చూసి ముందు మెచ్చుకున్నాడు, తర్వాత నంబరు చూసి తల పట్టుకున్నాడు. “పాగల్ గానివా? భుజం పోతది. మార్చుకొనిరా.” “మా నాయిన ఇష్టపడి కొన్నడు సార్.” “మీ నాయిన లాగుతడా?” విల్లు భుజాన వేసుకుని ఇంటికొచ్చేశాను. మా ఇంటి వెనక నాపరాళ్ళు పేర్చిన ఖాళీ జాగాలో సాయంత్రాలు ఒంటరిగా ఆ విల్లుతో కుస్తీ పట్టాను. నారి సగం దూరం వచ్చేది, తర్వాత నా ఒళ్ళంతా వణికేది, బాణం నాలుగు గజాల అవతల సిగ్గుపడి పడిపోయేది. రెండు వారాలకు కుడి భుజం వాచింది. అన్నం ముద్ద నోటిదాకా వచ్చేసరికి సగం మెతుకులు కంచంలో రాలేవి. కానీ ఇంట్లో మాటలు పెరిగాయి. నాయిన దుకాణం నుంచి రాగానే “ఎట్లుంది విల్లు?” అని అడిగేవాడు. “మస్తుంది.” “లాగుతున్నవా?” “లాగుతున్న.” “చెయ్యేంది, గట్ల పట్టుకున్నవ్?” “ఏం గాలే.” ఆ మాట అంత తేలిగ్గా ఎలా వచ్చిందో, అప్పుడు నాకు తట్టనే లేదు.

నా గుట్టు బయటపెట్టింది ఒక కేకు. మా దుకాణంలో గుమాస్తా మామ ఉండేవాడు. ఆయన మనవరాలి పుట్టినరోజుకని బేకరీకి పోయి వచ్చి, “రెండు పౌండ్ల కేకంటె ఎంతో అనుకున్న, ఒక్క కిలోనేనట గదా! పౌండంటె అరకిలో లోపట్నే,” అని ఊరికే అన్నాడు. నాయిన చేతిలో కందులు చేతిలోనే ఆగిపోయాయి. నలభై పౌండ్లంటే మరి పద్దెనిమిది ఇరవై కిలోలు ఉండాలి కదా! నేను కాలేజీ నుంచి వచ్చేసరికి నా విల్లు బట్టలేమీ లేని పసిపిల్లాడిలా దుకాణం కాంటా మీద పడుకుని ఉంది. చుట్టూ నలుగురు బేరగాళ్ళు.

“కిలోన్నర!” అని అరిచాడు నాయిన. “నలభై పౌండ్లని రాసి కిలోన్నర ఇచ్చిండు! ముప్పై ఏండ్ల సంది తూకం జూస్తున్న, నన్నే మోసం జేస్తడా వాడు? నడువ్!”

“వద్దు నాయినా, పోనియ్...”

“పోనిచ్చుడా? బస్తాకు రెండు కిలోలు తగ్గితె ఊకుంటమా? గిది మొత్తం మాయం!”

వానలో రైలెక్కాం. విల్లు ఆయన ఒళ్ళో. కనబడిన ప్రతివాడికీ చేతికిచ్చి, “ఎన్ని కిలోలుంటదో జెప్పు,” అని అడిగాడు. కన్నడం మాట్లాడే ఒక ముసలాయన దాన్ని అటూ ఇటూ ఊపి చూసి, కిలో కూడా ఉండదని తేల్చి నాయిన కోపం ఇంకా పెంచాడు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ, ఈ రైలు వికారాబాద్‌లో ఆగకుండా పోతే బాగుండునని కోరుకున్నాను. ఆగింది.

దుకాణంలో నాయిన అరుపులకు బ్యాట్ల శేటు బెదిరిపోయి, మనిషిని పంపి మైదానం నుంచి బాణం సార్‌ను పిలిపించాడు. సార్ తడిసిన గొడుగు మూసి, అంతా విని, నవ్వు ఆపుకుంటూ చెప్పాడు. “పెద్దాయనా, ఆ తూకం విల్లుది గాదు, లాగుడుది. నారి మొత్తం లాగి పట్టుకుంటె చేతి మీద నలభై పౌండ్ల బరువు పడ్తది. దుకాణపాయన మోసం జెయ్యలే.” దుకాణంలో అందరూ నవ్వారు. నాయిన కూడా ఇబ్బందిగా నవ్వబోయాడు. సార్ అక్కడ ఆగి ఉంటే బాగుండేది. “నేను ఇరవై నాలుగే అని రాసిచ్చిన గదా. మీ పిలగాని భుజం ఎట్ల వాచిందో జూసిన్రా? కొన్న మర్నాటి సంది మార్చుకోమంటున్న.”

నాయిన నవ్వు ఆగిపోయింది. “నీకెరికేనా?” అని అడిగాడు నన్ను.

“ఎరికే.”

విల్లు చంకన పెట్టుకుని స్టేషన్ దారి పట్టాడు. తిరుగు రైలు, బయట వాన, ఎదురెదురుగా మేమిద్దరం, మధ్యలో విల్లు. తొమ్మిది నెలల మౌనం మళ్ళీ వచ్చి మా పక్కన కూర్చుంది, ఈసారి తెచ్చింది నేను. నాయిన నవ్వు కోసం ఇంత చేసి, ఆ నవ్వును పదిమందిలో నేనే తుడిచేశానని ఏడుపొచ్చింది. (మొహంలో తేడా ఏమీ తెలియదు కాబట్టి ఎవరూ గమనించలేదు.)

మరుసటి రోజు మధ్యాహ్నం దుకాణానికి రమ్మన్నాడు. దూలానికి వేలాడే కొక్కెం కాంటా ఒకటి ఉండేది, గుండ్రటి ముఖం మీద ముల్లు తిరిగేది. నాయిన విల్లు నారిని ఆ కొక్కేనికి తగిలించి, పిడి పట్టుకుని విల్లు పూర్తిగా వంగేదాకా కిందికి గుంజాడు. ముల్లు తిరిగి తిరిగి పద్దెనిమిది మీద ఆగింది. “తూకం సరిగ్గనే ఉంది,” అన్నాడు, శేటు మీద పెట్టుకున్న అనుమానానికి తనే క్షమాపణ చెప్పుకుంటున్నట్టు. (అసలు విలుకాళ్ళు కూడా విల్లు బలాన్ని ఇలాగే కొలుస్తారని తర్వాత సార్ చెప్పాడు. మా నాయినకు ఎవరూ చెప్పలేదు.) తర్వాత కొక్కేనికి తువ్వాలు కట్టి, “ఇగ నువ్వు గుంజు. పది లెక్కవెట్టేదాంక ముల్లు కదలొద్దు,” అన్నాడు. గుంజాను. పన్నెండు దగ్గర చెయ్యి వణికింది. పదకొండు దగ్గర నిలబడింది. పదకొండు కిలోలంటే దాదాపు ఇరవై నాలుగు పౌండ్లు.

“గిదే నీ విల్లు,” అన్నాడు. “ఎందుకు దాచినవ్?”

“నువ్వు నవ్వినవ్ నాయినా, ఆనాడు.”

ఆయన తువ్వాలు ముడి విప్పుతూ ఉండిపోయాడు. ముడి ఎప్పుడో ఊడింది, వేళ్ళు మాత్రం విప్పుతూనే ఉన్నాయి. “మీ అమ్మ గూడ గిట్లనే. మనం ఫికర్ జేస్తమని ‘ఏం గాలే’ అన్నది. నేను రోజూ ఏమైందని అడిగిన. అడుగుడే తప్పు జేసిన రా. ఏమైందంటె ఏం గాలే అనొచ్చు. ఎంత అని అడగాల్సుండె. ఎంత నొస్తుందని అడిగితె ఏదో ఒక తూకం జెప్పేది.” తువ్వాలు భుజాన వేసుకున్నాడు. “ఇగ నిన్ను ఏమైందని అడగ. భుజం ఎంత నొస్తుంది?”

“రెండు కిలోలు,” అన్నాను, నోటికొచ్చిన లెక్క.

“మంచిది. దావఖానకు పోదాం.”

నాకు అప్పుడు ఎక్కడిదో ధైర్యం వచ్చింది. “నీకెంత నాయినా?”

ఆయన కొక్కెం కాంటా వైపు చూశాడు. తర్వాత మూలనున్న బస్తాల కాంటా వైపు చూశాడు. “గది గూడ సరిపోదు కొడుకా,” అన్నాడు. ఇద్దరం కంది బస్తాల మధ్య కూర్చుని ఏడ్చాం. గుమాస్తా మామ లోపలికి రాబోయి, చూసి, బయటే నిలబడి వచ్చిన గిరాకీలను వెనక్కి పంపాడు.

విల్లు మార్చుకున్నాం. “తూకం తక్కువది ఇయ్యుమని కొట్లాడే గిరాకీని నా జిందగీల జూడలే,” అన్నాడు బ్యాట్ల శేటు. ఎంపిక రోజున ముసురు. పన్నెండు మందిలో నలుగురిని తీసుకున్నారు. నేను ఏడోవాణ్ణి. వాచిన భుజం ఇంకా పూర్తిగా తగ్గలేదు, తగ్గినా నలుగురిలో ఉండేవాణ్ణని చెప్పలేను. నాయిన మైదానం గట్టు మీద గొడుగు పట్టుకుని మొత్తంసేపూ నిలబడ్డాడు. దగ్గరికి పోతే “ఎంత?” అన్నాడు. “నాలుగు కిలోలు.” “భుజానికా, ఓడినందుకా?” “రెండు కలిపి.” స్టేషన్ దగ్గర మిర్చి బజ్జీలు కొనిపెట్టాడు. చల్లారిపోయి ఉన్నాయి, అయినా తిన్నాం.

జట్టులోకి ఎప్పుడూ రాలేదు నేను. వికారాబాద్‌లోనే ఒక ఆఫీసులో ఉద్యోగం, అద్దె ఇల్లు, గోడకు నారి విప్పిన ఇరవై నాలుగు పౌండ్ల విల్లు. నాయిన పోయి నాలుగేళ్ళు. చివరి రోజుల్లో ఆసుపత్రిలో నేను అడిగితే తూకం సరిగ్గానే చెప్పాడు, ఏదీ దాచలేదు. అందుకు ఆయనకు రుణపడి ఉన్నాను.

మొన్న మళ్ళీ ముసురు పట్టింది. కుడి భుజం పట్టుకుని కిటికీ దగ్గర కూర్చుంటే నా భార్య వచ్చి నిలబడింది. ఏమైందని అడగలేదు. పెళ్ళైన కొత్తలోనే మా నాయిన ఆమెను పక్కకు పిలిచి, “వాణ్ణి ఏమైందని అడగకు బిడ్డా, ఎంత అని అడుగు,” అని చెప్పాడట.

“ఎంత?”

“పావుకిలో.”

“తూకం సరిగ్గ జెప్పు.”

“కిలోన్నర,” అన్నాను. భుజానిది నిజంగా పావుకిలోనే. మిగతాది ఎవరిదో ఆమెకు తెలుసు కాబట్టి అడగకుండా వేడినీళ్ళ సంచి తెచ్చి భుజం మీద పెట్టింది. గోడ మీద విల్లు చూస్తుంటే, చీటీని నలిపి జేబులో పెట్టుకున్న ఆ పిచ్చి పిల్లవాడు గుర్తొచ్చాడు. నా మొహంలో ఏదో మారినట్టుంది.

“ఏంది, నవ్వుతున్నవ్? ఏమైంది?” అంది ఆమె, మామగారి మాట మరిచిపోయి.

“ఏం గాలే,” అన్నాను.