తాతయ్య ముక్కు తీసేయించుకుని రాజోలు వెళ్ళిన రోజు

ఈ ప్రయాణం ఊళ్ళు చూడాలన్న సరదాతో మొదలవలేదు. మేనత్త కూతురు గ్రేస్ వదిన ఫోన్ చేసి, "అమ్మ ఒక్కొక్కళ్ళనే మర్చిపోతోందే బుజ్జీ. నిన్న నన్ను పట్టుకుని హాస్టల్ వార్డెన్ అనుకుంది. నిన్ను మాత్రం రోజూ అడుగుతోంది. నిన్ను కూడా మర్చిపోకముందే ఒకసారి వచ్చి కనపడు" అంది. మా అమ్మ పోయాక నన్ను పెంచింది ఆ అత్తే. పేరు సువార్తమ్మ, రిటైరైన టీచరు. ఆవిడ నోట మళ్ళీ ఒక్కసారి "ఒసే బుజ్జీ" అనిపించుకుని రావాలి, అంతకుమించి నాకేమీ వద్దు. అయితే వదినకు చెప్పని సంగతి ఒకటుంది. నాలుగు నెలల క్రితం హైదరాబాదులో నేను ముక్కు ఆపరేషన్ చేయించుకున్నాను.

మా ఇంటి ముక్కు వెడల్పుగా, మధ్యలో అణిగి ఉంటుంది. తాతయ్యది, అత్తది, నాది ఒకటే అచ్చు. కాలేజీ హాస్టల్లో చేరిన రోజు పక్క మంచం అమ్మాయి "ఎవరి తాలూకా మీరు?" అని అడిగింది. మా వైపు ఆ ప్రశ్నకు పేరు చెబితే సరిపోదు, కులం తేలాలి. నేను నోరు తెరిచేలోపే మొహంలోకి చూసి "తెలుస్తూనే ఉందిలే" అంది. ఆ మాట పదిహేనేళ్ళు నన్ను వదల్లేదు. ఎట్టకేలకు క్లినిక్‌కు వెళ్తే, వెయిటింగ్ హాల్లో నా పక్కన మణిపూర్ అమ్మాయి కనురెప్పకు మడత పెట్టించుకోవడానికి కూర్చుంది. పంజాబీ ఆవిడ ముక్కు మీది ఎత్తు చెక్కించుకోవడానికి వచ్చింది. సూడాన్ నుంచి వచ్చి ఇక్కడ చదువుకుంటున్న అమ్మాయి, నాలాగే ముక్కుపుటాలు దగ్గర చేయించుకోవాలట. ఒకళ్ళకు తగ్గించాలి, ఒకళ్ళకు పెంచాలి. నాకైతే పక్కటెముక దగ్గరి మృదులాస్థి ముక్క తీసి ముక్కు పైన నిలబెట్టాలన్నారు. ఎలాంటి మొహం కావాలో ఫోన్లలో దాచుకున్న ఫొటోలు ఒకళ్ళకొకళ్ళం చూపించుకున్నాం. నాలుగు దిక్కుల నుంచి వచ్చిన నలుగురం ఇంచుమించు ఒకే మొహం తెచ్చుకున్నాం. అప్పుడు నవ్వుకున్నాం కూడా.

రాజమండ్రిలో రైలు దిగేసరికి ముసురు. ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి పొద్దున్న ఆరూ నలభైకి అమలాపురం బస్సు దొరికింది. రావులపాలెం, కొత్తపేట మీదుగా రెండు గంటల పైన పడుతుంది. ఆంధ్రా ఆధార్ ఉన్న ఆడవాళ్ళకు టికెట్ అక్కర్లేదు కదా, నా కార్డులో ఇంకా కాకినాడ అడ్రసే ఉందని ధీమాగా చూపించాను. కండక్టరు కార్డునూ నన్నూ మార్చి మార్చి చూశాడు. "ఇది మీ అక్కగారిదాండీ?" అన్నాడు. "నాదేనండీ" అంటే నమ్మలేదు. "ఏమనుకోకండి మేడం, చెకింగొస్తే నాకు మాటొస్తాదండి. టికెట్ తీసుకోండి." వంద చిల్లర కట్టాను. నిజం చెప్పొద్దూ, లోపల సంతోషించాను. డాక్టరు పని బాగానే చేశాడనుకున్నాను.

అమలాపురం బస్టాండు ఎదుట రెండు ఇడ్లీ తిని రాజోలు బస్సెక్కాను. అంబాజీపేట, పి.గన్నవరం దాటి గంటంపావు ప్రయాణం. కిటికీ అద్దం పగిలి ఉంది, కొబ్బరితోటల్లోంచి జల్లు మీద కొడుతూనే ఉంది. రాజోలు సెంటర్లో ఆటో అతను నూటయాభై అన్నాడు.

"సువార్తమ్మ టీచరుగారింటికాండీ? నాకు రెండో తరగతి చెప్పేరండి ఆవిడ. మీరు పింఛనాఫీసు నుంచి వచ్చేరాండీ?"

"కాదు, మేనకోడల్ని."

అతను అద్దంలోంచి నన్ను ఓసారి చూసి "ఆయ్" అన్నాడు. నమ్మనివాళ్ళ "ఆయ్" ఎలా ఉంటుందో గోదావరి మనిషిని, నాకు తెలియదూ! అక్కణ్ణుంచి నాకు గుబులు పట్టుకుంది.

అత్త వసారాలో కుర్చీలో కూర్చుని ఉంది. నన్ను చూడగానే లేచి నిలబడి పమిట సర్దుకుంది. అక్కడే నా ప్రాణం ఉసూరుమంది. ఇంటి పిల్ల వస్తే లేచి నిలబడతారా ఎవరైనా?

"రండమ్మా, తడిసిపోయేరు. ఎవరి తాలూకండీ మీరు?"

"అత్తా, నేను బుజ్జిని."

"బుజ్జి మా తమ్ముడి కూతురండి. మీకు తెలుసాండీ?" ఆవిడ మొహం వెలిగింది. వెనక గోడ మీది తాతయ్య ఫొటో చూపించి, తన ముక్కు మీద వేలు పెట్టుకుంది. "ఆ ముక్కే నాదీ, దానిదీను. ఎంతమందిలో ఉన్నా పట్టేస్తానండి."

లోపలినుంచి వచ్చిన వదిన నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. నా గొంతుతో తప్ప పోల్చుకోలేకపోయింది. "ఏం చేసుకొచ్చేవే?" అంది గొణుగుతున్నట్టు. తేరుకుని, "అమ్మా, ఇదేనే బుజ్జి" అంది. అత్త దగ్గరికొచ్చి, పలక దిద్దేటప్పుడు చూసినట్టు నా మొహం శ్రద్ధగా చూసింది. ఆవిడ వదిన వైపు తిరిగి, "వచ్చినవాళ్ళతో ఎకసెక్కాలేంటే? తప్పు" అని మందలించింది.

భోజనంలో గోంగూర రొయ్యలు. మా ఇంట్లో అందరికీ స్టీలు కంచాలు, బయటివాళ్ళకు బీరువాలోని పింగాణీ పళ్ళెం. చిన్నప్పుడు దాని మీద చెయ్యేస్తే అత్త వేళ్ళ మీద కొట్టేది. ఆ రోజు ఆవిడే దాన్ని తుడిచి నా ముందు పెట్టి, "మొహమాటపడకండి" అని కొసరి కొసరి వడ్డించింది. ఏడుపొచ్చేసింది. కారం ఎక్కువైందేమోనని పాపం ఆవిడ మజ్జిగ తెచ్చింది.

నాలుగింటికి లేచాను. అత్త గుమ్మం దాకా వచ్చి కొబ్బరి లౌజు పొట్లం నా చేతిలో పెట్టింది. "హైదరాబాదు నుంచి వచ్చేనన్నారు కదండీ. మా బుజ్జీ అక్కడే ఉంటాది. కనపడితే ఇవ్వండి. ముక్కు చూస్తే మీకే తెలిసిపోతుంది. ఓసారి వచ్చెళ్ళమనండి, దాని కోసం కాసుక్కూర్చున్నానని చెప్పండి."

"ఆయ్, చెప్తానండి" అన్నాను. ఇంకేమనగలను!

ఆపరేషన్ తప్పని నేను చెప్పబోవడం లేదు. ఆ హాస్టల్ మాట పడనివాళ్ళకు అలా అనడం తేలికే. నేను కోరుకున్నది నాకు దొరికింది. నా మొహం చూసి నేనెవరి తాలూకో ఇక ఎవరూ చెప్పలేరు. మా అత్త కూడా.

ఈ దారిన వెళ్ళేవాళ్ళకు: రాజోలు నుంచి రాజమండ్రికి సాయంత్రం నేరుగా బస్సుంది, వానల్లో మూడు గంటల పైనే పడుతుంది. ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకున్నవాళ్ళకు మాత్రం ఒక్క సలహా. మీ మొహంలో తనవాళ్ళను చూసుకునే మనిషి ఇంకా ఎవరైనా ఉంటే, ముందు అక్కడికి బస్సెక్కండి.