నొప్పి లేని వేలు

ఇంజన్లోకి డీజిల్‌ని గట్టిగా చిమ్మే ఇంజెక్టరు స్ప్రే ముందు ఎవరైనా చెయ్యి పెడితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది. తొంభైల్లో లారీ మెకానిక్కుగా ఉన్నప్పుడు నేనూ ఆ పనే చేసేవాణ్ణి. కొబ్బరికాయల లోడు బాగా లాగాలని లారీవాళ్ళు అడిగితే, డీజిల్ ఎక్కువ పడేలా ఇంజెక్టర్లు సెట్ చేసేవాణ్ణి. ప్రెషర్ ఎంతుందో గేజీ పెట్టి చూడాలి. నేను వేలు పెట్టి చూసేవాణ్ణి. అదొక గొప్ప నాకు.

ఒక రోజు అమలాపురంలో బస్సెక్కాను. పక్క సీటులో ఒక పెద్దాయన ఎడమచేతికి తువ్వాలు చుట్టుకుని కూర్చున్నారు. కాసేపటి నుంచి నా చూపుడువేలు వైపే చూస్తున్నారు.

“ఆ చుక్కేంటండీ?”

“పొద్దున్న ఇంజెక్టరు కొట్టిందండి. సూది గుచ్చినట్టయింది, అంతే.”

“నొప్పుందా అండీ?”

“అబ్బే, లేదండి.”

ఆయన తువ్వాలు విప్పారు. ఆ చేతికి బొటనవేలు ఒక్కటే ఉంది.

“నాకూ ఆవేళ నొప్పి లేదండి. గేజీ ఎందుకులే అని వేలు పెట్టేను. డీజిలు చర్మం లోపలికెళ్ళిపోయిందని మూడోరోజుకి గానీ తెలీలేదు. అప్పటికే మిగతా వేళ్ళకీ పాకేసిందండి.”

కొత్తపేట రాగానే ఆయనే “హోల్డాన్!” అని కేకేసి బస్సు ఆపించి, నన్ను రెక్క పట్టుకుని దింపి, ఆస్పత్రి గుమ్మం దాకా తీసుకెళ్ళారు.

“ఇంకా టైముందండి. లోపలికెళ్ళండి.”

ఆయన పేరైనా అడగలేదు నేను. వేలైతే దక్కింది. కానీ ఆస్పత్రి గదిలో డాక్టరుగారు చుక్క దగ్గర కోయగానే, నెత్తురు కంటే ముందు డీజిల్ వాసన వచ్చింది.