కస్టమర్ లోపల ఉండగా

కర్టెన్లు, దుప్పట్లు అమ్మే ఆ మూడంతస్తుల కొట్టులో ఉన్నది ఒకటే కుర్చీ. అది ఓనరుది. కస్టమర్ లోపల ఉండగా సేల్స్ వాళ్లెవరూ కూర్చోకూడదన్నది అక్కడి రూలు. కస్టమర్ లేని ఘడియ ఆ కొట్టుకి ఎప్పుడుంది గనక? షట్టరెత్తింది మొదలు దించేదాకా ఆడవాళ్లంతా నిలబడే ఉండేవారు. కూర్చోవడం కూడా మనిషి అడుక్కోవలసిన సంగతేనా అని అక్కడ ఎవరూ అడగలేదు.

ఒకనాడు వాళ్లలో ఒకామె కళ్లు తిరిగి దుప్పట్ల మూట మీద కూలబడింది.

"కాళ్లు నొప్పులైతే ఇంట్లో కూర్చో, ఇక్కడికెందుకు రావడం?" అన్నాడు ఓనరు, అందరి ముందూ. ఆ సాయంత్రమే పనిలోంచి తీసేశాడు.

ఆ మాట ఆమె గొంతులో ముల్లులా దిగబడింది. ఆ మనిషిని ఒక్కపూట, అదే కొట్టులో, అదే గచ్చు మీద నిలబెట్టాలి. అన్నం కలుపుకుంటున్నా అదే ధ్యాస.

ఆడపడుచు ఫోను పట్టుకొచ్చింది. "వీడియోలు చెయ్యి వదినా. కర్టెన్లు ఎలా ఎంచుకోవాలో చెప్పు. లిప్‌స్టిక్ రాసుకుని కాస్త నవ్వు."

రాసుకుంది, నవ్వింది. చూసినవాళ్లంతా చుట్టాలే.

"మా పెద్దమ్మ కూడా సగంలో ఆపేసిందట," అని ఆడపడుచు పెదవి విరిచింది.

"ఆపదూ మరి! నాకే వెగటుగా ఉంది. ఆ ఫోను కిందికి దించు."

ఫోను పాదాల మీదికి దిగింది. ఉబ్బిన నరాలు, కాయలు కాసిన వేళ్లు. "మా ఓనరు నన్ను ఇంట్లో కూర్చోమన్నాడు. కూర్చున్నాను. కూర్చునే చెబుతున్నాను, వినండి," అని మొదలుపెట్టింది. "మేం మాటిమాటికీ బాత్రూంకి పోయేది పనుండి కాదు. అక్కడైతే కూర్చోవచ్చని."

ఆ ఒక్క మాట ఊళ్లు తిరిగింది. మందుల షాపులోంచి, సెల్ ఫోన్ల షాపులోంచి, నగల దుకాణంలోంచి ఆడవాళ్లు తమ పాదాల ఫోటోలు పంపారు. ఆమె రోజూ ఒక కథ చెప్పి, చివర్లో "ఒక్క స్టూలు వేస్తే ఏం పోతుంది?" అని అడిగేది. కడుపుతో ఉన్న తోటి పిల్ల గోడకి ఆనుకుంటే సూపర్‌వైజర్ చప్పట్లు కొట్టి అదిలించడం దగ్గర్నుంచి అన్నీ చెప్పింది. ఏడవలేదు, కల్పించలేదు, కొట్టు పేరు ఎత్తలేదు. జనమే ఆమెకి 'స్టూలక్క' అని పేరు పెట్టారు, జనమే ఆ కొట్టేదో పసిగట్టారు.

బేరాలు పలచబడ్డాక ఓనరు ఫోన్ చేశాడు. "స్టూళ్లు వేయించానమ్మా. వచ్చి ఓ మంచి వీడియో తీసి పెట్టు తల్లీ."

"నిన్నటిదాకా 'ఏయ్'ని, ఇవాళ తల్లినయ్యానా? సరే, వస్తాను. కస్టమర్‌గా వస్తాను."

అదే మాట ఆ సాయంత్రం వీడియోలోనూ చెప్పింది. "రేపు కర్టెన్లు కొనడానికి పోతున్నా. తోడు రండి."

కొట్టు నిండిపోయింది. సేల్స్ వాళ్లు కవర్లు కూడా విప్పని కొత్త స్టూళ్ల మీద బిక్కుబిక్కుమంటూ కూర్చున్నారు. సూపర్‌వైజర్ లేవబోయింది.

"నువ్వు కూర్చోవే. ఓనరుగారు చూపిస్తారు," అందామె. "అదుగో, ఆ పై అరలో నీలం రంగుది."

ఆయన నిచ్చెనెక్కి దించాడు. మడత విప్పాడు. అది కాదంది. ఆమె వెనక మరొకామె ఆకుపచ్చ అడిగింది, ఆమె వెనక ఇంకొకామె పూలది. ఫోన్లన్నీ ఆయన మీదే. కసిరితే ఊరంతా చూస్తుంది. మధ్యాహ్నం దాటాక ఆయన చెయ్యి మెల్లగా కుర్చీ వీపు మీదికి పాకింది.

"కస్టమర్ లోపల ఉండగానా?" అంది ఆమె.

స్టూళ్ల మీద ఎవరో కిసుక్కుమన్నారు. చెయ్యి వెనక్కి పోయింది.

"కాళ్లు లాగేస్తున్నాయమ్మా..."

"నొప్పులైతే ఇంట్లో కూర్చోండి."

ఏమీ కొనకుండా బయటికి నడిచింది. కడుపు చల్లబడింది. జాలి రాలేదు, రావాలని కూడా అనుకోలేదు.

ఆ రాత్రి పెట్టిన వీడియోలో ఆమె గొంతు లేదు. ఆడపడుచు తీసినవి ఆయన బూట్లు మాత్రమే. బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి, మళ్లీ ఈ కాలి మీదికి. జనం దాన్ని చివరిదాకా చూశారు. స్టూళ్లు తీసేశారేమో చూసి రావడానికి ఇప్పటికీ ఎవరో ఒకరు ఆ కొట్టుకి పోయి, పై అరలోని నీలం కర్టెన్ ఓనరునే దింపమంటూ ఉంటారు.