పిడికిలి ఎత్తు బల్ల

మా ఆయన ఇరవై ఆరేళ్ళు కలప మిల్లులో మరరంపం ముందు నిలబడ్డారు. అటునుంచి దుంగ వస్తుంది, ఇటునుంచి పలకలై పోతుంది, మధ్యలో ఆయన చెవులు. ఊళ్ళో అందరూ ఆయన్ని కొలతలాయన అంటారు. పలక మందం ఎంతో కంటితో చూసి చెప్పేస్తారు మరి! అంతటి మనిషి తన చెవులు ఎంత అరిగాయో మాత్రం చూసుకోలేదు. పక్కనే కూర్చుని చెప్పిన మాటలు కూడా వదిలేస్తుంటే నేను పొగరనుకున్నాను. ఒళ్ళు మండి వారం రోజులు మాట్లాడటం మానేశాను. ఆయనకి తేడా తెలియలేదు. అప్పుడు నాకు భయమేసింది.

చెవుల డాక్టరు అరవడం ఎందుకనుకున్నాడో ఏమో, కాగితం మీద రాసి చూపించాడు. పోయింది తిరిగి రాదు. మర చప్పుడుకి దూరంగా ఉంటే మిగిలింది నిలుస్తుంది. లేదంటే రెండేళ్ళలో అదీ పోతుంది. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. ఇంటి గుమ్మం దగ్గర ఆగి, "చేత్తో చేస్తా" అన్నారు.

"చేత్తో చేసేదేంటి?" అని మొహంలో మొహం పెట్టి అడిగాను.

"కిటికీలు, కుర్చీలు, స్టూళ్ళు. మర లేకుండా, రంపం, ఉలి, చిత్రికతో. మా నాన్న అలాగే చేసేవాడు. ముందు గట్టి బల్ల ఒకటి కావాలి."

మిల్లు యజమాని మంచివాడే, నెల సెలవిచ్చాడు. ఒకటో తారీకున వస్తే సరి, రాకపోతే ఆ చోటు ఇంకొకరిది అన్నాడు. అంటే నెల తిరిగేలోగా బల్ల నిలబడాలి, దాని మీద పని సాగాలి, సాగుతుందని ఈయనకి నమ్మకం కుదరాలి. లేదంటే ఆ చెవులు మళ్ళీ రంపం పాలే.

ఎక్కడో పాత బడి కూలగొడుతుంటే మా అన్నయ్య నాలుగు దూలాలు బండి మీద వేసుకొచ్చాడు. దించుతూ, "ఇంట్లో మా చెల్లెలు ఉండగా ఇంకా దూలాలెందుకు బావా?" అన్నాడు. ఈయన వినలేదు. వినుంటే నవ్వేవారు, నేను ఇద్దరికీ అన్నం పెట్టేదాన్ని కాదు.

ఆ నెల నాకిప్పటికీ కలలాగే ఉంటుంది. మా వెనక గదికి ఒకటే కిటికీ. మధ్యాహ్నం అయ్యేసరికి ఎండ అందులోంచి దిగి, నేల మీద మెల్లగా జరుగుతూ గోడ ఎక్కేది. దూలాల పైపొర నల్లగా, మేకులతో అసహ్యంగా ఉండేది. నేల మీదే పెట్టి, పైకి ఒంగి చిత్రిక పట్టేకొద్దీ లోపల్నుంచి తేనె రంగు బయటపడింది. ఎన్నేళ్ళనాటి కొయ్యో, కొత్తగా కోసినట్టు వాసన. చెక్క పొరలు చుట్టలు చుట్టుకుని రాలేవి, గాలికి కదిలేవి, నా జుట్టులో, పక్క బట్టల్లో, ఉప్పు డబ్బాలో కూడా దొరికేవి. టీ ఇవ్వడానికి వెళ్ళి నేను అక్కడే నిలబడిపోయేదాన్ని. టీ చల్లారేది. ఆయన ఒక చేత్తో సుత్తి కొడుతూ, ఉలి పట్టుకున్న ఇంకో అరచేతి అంచు చెక్క మీద ఆనించి ఉంచేవారు. దెబ్బ సరిగ్గా పడిందో లేదో ఆ అరచేతికి తెలిసేదట. ఎండ గోడ మీదికి పోయేదాకా ఇద్దరం ఒక్క మాట అనుకునేవాళ్ళం కాదు. అయినా నాకు అలక రాలేదు, అదేం విడ్డూరమో.

ఇరవై ఆరో రోజుకి బల్ల లేచి నిలబడింది. పైన నాలుగు వేళ్ళ మందం పలక, కింద స్తంభాల్లాంటి కాళ్ళు. కాళ్ళ కొసలు పలకలోని బెజ్జాల్లోకి బిగుసుకుని దిగాయి. ఇద్దరం కలిసి తోసినా వెంట్రుకవాసి కదల్లేదు. ఆయన చిన్నపిల్లాడిలా నవ్వారు. చెక్కముక్క ఒకటి పెట్టి చిత్రిక పట్టడం మొదలుపెట్టారు.

చిత్రిక ఎగిరింది. మళ్ళీ పట్టారు, మళ్ళీ ఎగిరింది. చెక్క మీద పళ్ళగాట్లు తప్ప పొర రాలేదు. సాయంత్రానికి ఆయన భుజాలు పైకి లేవడం లేదు. మర్నాడూ అంతే. ఆ రాత్రి భోజనం ముందు కూర్చుని, "నా వల్ల కాదు, వయసైపోయింది. ఒకటో తారీకున మిల్లుకి పోతా" అన్నారు. లేచి వెళ్ళి మిల్లు చొక్కా తీసి కుర్చీ మీద వేసుకున్నారు.

నాకు తిక్కరేగింది. మర్నాడు పొద్దున్నే వెనక గదిలోకి వెళ్ళి బల్ల ముందు నిలబడి చూశాను. నాకు వడ్రంగం రాదు, పిండి పిసకడం వచ్చు. వంటింటి గట్టు నాకు ఎత్తు, అందుకే పిండి గిన్నె కింద స్టూలు మీద పెట్టుకుంటాను. పిసికేది చేతులు కాదు, ఒంటి బరువు. ఈ బల్ల ఆయన నడుము దగ్గరుంది, ఒళ్ళు చిత్రిక మీదికి ఒరగదు. మిల్లులో బల్ల ఎత్తు అదే. అక్కడ మర కోస్తుంది, మనిషి పలక అందిస్తే చాలు. ఆ ఎత్తు ఒంట్లో ఇంకిపోయి, ఈ బల్ల కాళ్ళు కొలవకుండానే కోసేశారు. కొలతలాయనట, కొలతలాయన!

చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. "తిన్నగా నిలబడండి. చేతులు వదిలేయండి. పిడికిలి బిగించండి." ఆయన పిడికిలి ఎక్కడికి వచ్చిందో అక్కడ బల్ల కాలి మీద సుద్దతో గీత గీశాను. గీతకీ పలక పైభాగానికీ మధ్య ఆరంగుళాలు.

ఆయన గీత వంక చూశారు. "కాళ్ళు కోస్తే మళ్ళీ అతకవే," అన్నారు.

"మీ చెవులూ అతకవు," అన్నాను.

అరిచి చెప్పలేదు. నా పెదాలు చూసి అర్థం చేసుకున్నట్టున్నారు. గోడకున్న రంపం అందుకున్నారు.

బల్లని పక్కకి వాల్చి నాలుగు కాళ్ళకీ అడుగున ఆ ఆరంగుళాలూ కోశారు. నిలబెడితే ఊగింది. సన్నటి చెక్క పేళ్ళు కాళ్ళ కింద దూర్చి ముందు పలకని సమం చేశారు. చిన్న ముక్క మీద పెన్సిలు ఆనించి, దాన్ని నేల మీద జరుపుతూ నాలుగు కాళ్ళ చుట్టూ ఒకే ఎత్తులో గీత గీశారు. మళ్ళీ వాల్చి ఆ గీత వెంట సన్నగా కోశారు. ఎండ గోడ ఎక్కేవేళకి బల్ల నేల మీద ఊగకుండా నిలిచింది.

చిత్రిక మీదికి ఒంగారు. తొయ్యలేదు, ఊరికే ఒరిగి నడిచారంతే. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకటే పొర లేచి ఆయన మణికట్టు మీంచి జారింది. పట్టుకుని చూస్తే అవతల కిటికీ కనిపించింది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఇంకోటి తీశారు, ఇంకోటి తీశారు.

తర్వాత బల్ల పలక సమంగా ఉందో లేదో చూడటానికి చెంప దానిమీద ఆనించి ఒక కన్ను మూశారు. నేను అవతలి కొసన స్టూలు మీద కూలబడి, అలసిపోయి, గడ్డం పలక మీద పెట్టాను. మాట దానంతట అదే వచ్చేసింది. ఎవరికీ వినబడాలని అనలేదు.

"నా గొంతు మరిచిపోతారేమోనని భయంగా ఉంది."

ఆయన తలెత్తలేదు. చెవి ఇంకాస్త చెక్కకి అదిమారు.

"మరిచిపోలేదు," అన్నారు. "చెక్కలోంచి వస్తోంది. ఇంకేదైనా అను."

పుట్టినప్పట్నుంచీ మాటలకి కరువు లేనిదాన్ని. ఎంత వెతికినా ఒక్కటీ దొరకలేదు. చివరికి, అంతే మెల్లగా, "ఆకలేస్తోందా?" అన్నాను.

"వేస్తోంది," అన్నారు.