మంచం ఖాళీ చేయని అవ్వ

మా వార్డులో రోగాలకంటే డిశ్చార్జీలే కష్టం. ఈ మాట ఎవరితో అన్నా నవ్వుతారు. బాగైనవాళ్ళు ఇంటికి పోవడానికి కష్టమేముంది అంటారు. ఒక్క వానాకాలం ఎముకల వార్డులో డ్యూటీ చేస్తే తెలుస్తుంది.

భద్రాచలంలో మా దవాఖానాకు గోదావరి రెండు గట్ల నుంచీ, అడవి లోపలి గూడేల నుంచీ, రాష్ట్రం సరిహద్దు అవతలి నుంచీ కూడా రోగులు వస్తారు. వచ్చేటప్పుడు అంబులెన్సు ఉంటుంది. పోయేటప్పుడే ఏమీ ఉండదు. వాగు పొంగిందని ఒకరు, తోడు వచ్చినోడు పత్తి చేనుకు పోయిండని ఒకరు మంచం మీదే ఉండిపోతారు. కొత్తగా కాలో చెయ్యో విరిగి వచ్చినవాళ్ళు వరండాలో స్ట్రెచర్ల మీద ఎదురుచూస్తుంటారు. అప్పుడే బదిలీ మీద వచ్చిన పెద్ద డాక్టరు రౌండ్స్‌లో ఇదంతా చూసి నన్ను పక్కకు పిలిచాడు.

"సిస్టర్, మనకు మంచాలు తక్కువ లేవు, ఖాళీ అయితలేవు, అంతే. బాగైనోళ్ళను ఇంటికి చేర్చే పని ఇగ మీరు చూడుండ్రి."

"నేనే ఎందుకు సార్?"

"మీరు మాట్లాడితే వార్డు చివరిదాకా వినబడ్తది గదా."

అది పొగడ్తో కాదో ఇప్పటికీ తేల్చుకోలేదు. మాది మధిర దగ్గర. నా మాటలో కోస్తా వాసన ఉందని ఇక్కడి ఆయాలు నవ్వుకునేవాళ్ళు. ఈ పని నెత్తిన పడ్డాక ఆ వాసన తానే పోయింది. బతిమాలాలన్నా కసురుకోవాలన్నా ఎదుటి మనిషి మాటలోనే చేయాలి కదా.

నాకు మొదటి పరీక్ష పెట్టింది కిటికీ పక్క మంచం మీది అవ్వ. పర్ణశాలలో గుడికి పోయే దారిలో కుంకుమ భరిణెలు, చెక్క బొమ్మలు, వెదురు బుట్టలు అమ్ముకునే మనిషి. వానలో రాళ్ళ మీద జారి పడితే తుంటి విరిగింది. ఆపరేషన్ చేశారు. కుట్లు విప్పారు. మా ఫిజియో మేడమ్ వాకర్ పట్టించి నడిపించింది. "అవ్వను పంపొచ్చు" అని డాక్టరు చెప్పాడు. చెప్పిన ఆ క్షణం నుంచే అవ్వకు నొప్పులు మొదలయ్యాయి.

ఆమె దగ్గర డిశ్చార్జి అన్న మాట వినబడితే చాలు, బీపీ పెరిగేది. ఒకరోజు తుంటి, ఒకరోజు మోకాలు, ఒకరోజు అసలు ఆపరేషన్‌తో సంబంధమే లేని భుజం. వరండాలోనేమో తాటిచెట్టు మీద నుంచి పడ్డ గీత కార్మికుడొకాయన స్ట్రెచర్ మీద ఉన్నాడు. అతని భార్య గంటకోసారి వచ్చి, "సిస్టరమ్మా, ఆ కిటికీ మంచం ఖాళీ అయితదా?" అని అడిగి పోయేది.

ఒక మధ్యాహ్నం వార్డంతా కునుకు తీస్తుంటే అవ్వ చక్కగా లేచి, వాకర్ పట్టుకుని కిటికీ దాకా నడిచి, రోడ్డు మీద పోయే బస్సులను చూస్తూ నిలబడింది.

"అవ్వా, మంచిగ నడుస్తున్నవ్ గదా!"

ఉలిక్కిపడింది. "నడుసుడు కాదది. కిటికీ మూద్దామని లేసిన."

కిటికీ మూసేసే ఉంది. ఆ సంగతి ఎత్తకుండా మంచం మీద కూర్చోబెట్టి, "ఇంటికాడ ఎవరున్నరు?" అన్నాను.

"కోళ్ళున్నయ్."

"మనుషులు?"

"మనుషులుంటే కోళ్ళనెందుకు సాదుకుంట?"

నవ్వొచ్చింది కానీ ఆమె నవ్వలేదు. దుప్పటి అంచు మడత పెడుతూ నెమ్మదిగా అంది. "రాత్రి బాత్రూముకు లేసి పడితే ఎవలకు తెల్వాలె? ఈడనైతే అరిస్తే నువ్వన్న వస్తవ్."

అప్పుడర్థమైంది, ఆ నొప్పులన్నీ భయం వేసే వేషాలని. మాత్రతో తగ్గే భయం కాదది.

మా ఆయాది పర్ణశాల పక్క ఊరే. ఆమెను అడిగితే మిగతాది చెప్పింది. అవ్వ ఇంటి గోడ అవతల తోటికోడలు ఉంటుంది. ఆమె కూడా ఒంటరిదే. వాళ్ళ మొగుళ్ళు, అన్నదమ్ములిద్దరూ పోయాక దుకాణం జాగ కోసం పంచాయితీ అయింది. జాగ అవ్వకు వచ్చింది, మాటలు పోయాయి. చిన్నామె సరిగ్గా ఎదురుగా ఇంకో దుకాణం పెట్టుకుంది. రెండింట్లోనూ అవే భరిణెలు, అవే బుట్టలు. యాత్రికులు ఒక దుకాణం ముందు ఆగితే రెండో దాంట్లోంచి కేక వస్తుంది. ఏండ్ల సంది ఇదే వరస.

ఆ వైపు పోయే దవాఖానా వ్యాన్‌లో నేనూ ఫిజియో మేడమ్ ఎక్కాం. ఇల్లంతా తిరిగి చూశాం. గడప ఎత్తు. నులకమంచం మధ్యలో కుంగిపోయి ఉంది. పెరట్లో గొంతుకూర్చునే మరుగుదొడ్డి. కొత్త తుంటి వేసినవాళ్ళు గొంతుకూర్చోకూడదు, వంగకూడదు. దవాఖానాలో మేం ఎంత బాగా చేసి పంపినా, ఈ ఇంట్లో మొదటి రోజే మళ్ళీ పడుతుంది.

మేమిద్దరం తల పట్టుకుని నిలబడితే గోడ అవతలి నుంచి ఒకామె వచ్చింది. చెయ్యి నడుం మీద ఉంది.

"ఆమె లేస్తున్నదా?"

"లేస్తున్నది. నడుస్తున్నది గూడ" అన్నాను.

"తిట్టుడు?"

"ఇంకా మొదలువెట్టలే."

"అయితే పూర్తిగ మంచిగ కాలే" అంది.

ఆమె వాకిట్లో ఒక వరస వెదురు బుట్టలు ఎండకు పెట్టి ఉన్నాయి. అవ్వ దుకాణంలోవి. నేను వాటి వంక చూడడం చూసి గొంతు తగ్గించింది. "వానకు బూజు వడ్తయని తీసిన. కోళ్ళకు గూడ నేనే ఏస్తున్న. ఆమెకు చెప్పకుండ్రి. ఎత్తుకపోయిన్నంటది."

ఇదే సందని మేడమ్ అందుకుంది. మంచం కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేయాలని, ప్లాస్టిక్ కుర్చీకి నడిమధ్య కోయించి మరుగుదొడ్డి మీద వేయాలని, గడపకు ఏటవాలుగా మట్టి పోయాలని చెప్పింది. అవ్వను లేపడం, కూర్చోబెట్టడం ఎవరైనా వార్డుకు వచ్చి నేర్చుకోవాలని కూడా చెప్పింది.

"నేనెందుకొస్త? నాకు దుకాణం లేదా?" అంది చిన్నామె.

సరే అని వ్యాన్ ఎక్కాం. డ్రైవరు బండి తీస్తుంటే కిటికీ దగ్గరికి వచ్చింది. "ఎన్ని గంటలకు రావాలె?"

మర్నాడు మేం రౌండ్స్ ముగించకముందే టిఫిన్ డబ్బా పట్టుకుని వార్డు గుమ్మంలో నిలబడి ఉంది. అవ్వ ఒక్క చూపు చూసి మొహం గోడకు తిప్పుకుంది. చిన్నామె మంచం పక్కకు వచ్చి నా వైపు తిరిగింది.

"సిస్టరమ్మా, మంచానికి ఇటుకలు వెట్టిచ్చిన అని చెప్పు."

మంచానికి ఆ పక్క ఆమె, ఈ పక్క నేను, మధ్యలో అవ్వ. అయినా చెప్పాను.

"ఎవరు పెట్టుమన్నరో అడుగు సిస్టరమ్మా" అంది అవ్వ గోడతో.

"పడి మల్ల తుంటి ఇరగ్గొట్టుకుంటే ఈ దవాఖానా సుట్టు తిరిగేది నేనే అని చెప్పు."

"ఎవలు తిరుగుమన్నరు?"

అటుదిటు, ఇటుదటు చెప్పి నా నోరు నొప్పి పుట్టింది. చుట్టుపక్కల మంచాలవాళ్ళు లేచి కూర్చుని వింటున్నారు. మేడమ్ ఇద్దరినీ ఆపి, అవ్వ నడుం చుట్టూ చెయ్యి ఎలా వేయాలో, ఏ కాలు ముందు పెట్టించాలో చూపించింది. చిన్నామె మొహమాటంగా చెయ్యి వేసింది. అవ్వ బిగుసుకుపోయింది. లేచింది. రెండో అడుగులో వాకర్ కాలు నేల పలక అంచుకు తగిలి ఆమె ఒక పక్కకు ఒరిగింది.

"పట్టుకో చెల్లె!"

"పట్టుకున్ననక్కా! ఇడువను. నువ్వు అడుగెయ్యి."

అవ్వ అడుగేసింది. తర్వాత ఇంకొకటి. తలుపు దాకా పోయి తిరిగి వచ్చారు. నేను టెంపరేచర్లు చూసే మిషతో పక్క మంచానికి పోయి కళ్ళు తుడుచుకున్నాను. తిరిగి వచ్చేసరికి చిన్నామె డబ్బా మూత తీస్తోంది. అవ్వ నా వైపు చూసి, "ఉప్పెక్కువేసింది కావచ్చు, అడుగు సిస్టరమ్మా" అంటోంది. మళ్ళీ మొదటికొచ్చిందనుకున్నాను. డబ్బా మాత్రం అడుగు దాకా తుడిచింది.

ఆ వారంలోనే డిశ్చార్జి. ఈసారి బీపీ పెరగలేదు. ఊరి ఆశా వర్కర్‌కు ఫోన్ చేసి కుట్లు వేసిన చోటు చూస్తుండమన్నాను. మందులు ఏవి ఎప్పుడో చిన్నామె చేత చెప్పించుకున్నాను. దవాఖానా వ్యాన్ వచ్చాక, అవ్వ వరండాలో స్ట్రెచర్ దగ్గర వాకర్ ఆపి గీత కార్మికుడితో, "ఆ మంచం ఎడమ దిక్కు కుంగుతది బిడ్డా. కుడి దిక్కుకు పండు" అని చెప్పి పోయింది. దుప్పటి మార్చగానే అతన్ని ఆ మంచం మీదికి చేర్చాం. అతని భార్య నా చేతులు పట్టుకుని కళ్ళకద్దుకుని, మొగుడి దిండు సర్దడానికి పోయింది.

ఆ తర్వాత నా పద్ధతి మారింది. ఎవరొచ్చినా మొదటి రోజే, నొప్పి కాస్త తగ్గగానే, ఇంట్లో ఎవరున్నారు, గడప ఎంత ఎత్తు, వాగు దాటాలా అని అడగడం మొదలుపెట్టాను. "కట్టన్న కట్టనియ్యుండ్రి సిస్టర్, అప్పుడే పంపుడు ముచ్చటేంది?" అని చిన్న డాక్టర్లు నవ్వారు. వరండాలో స్ట్రెచర్లు తగ్గడం చూశాక నవ్వు మాని వాళ్ళే అడగడం మొదలుపెట్టారు. అన్నీ కుదిరాయని కాదు. వాగు పొంగితే ఇప్పటికీ ఎవరం ఏమీ చేయలేం.

దసరా దాటాక అవ్వ చూపించుకోవడానికి వచ్చింది. వాకర్ పోయి చేతికర్ర వచ్చింది. పక్కన చిన్నామె.

"దుకాణాలు ఒకటి చేసిన్రా?" అన్నాను ఆశగా.

"ఎందుకు చేస్తం?" అన్నారు ఇద్దరూ ఒక్కసారే. ఇప్పుడు అవ్వ కింద కూర్చోలేదు, ఎత్తు కుర్చీలో కూర్చుంటుంది. దాంతో యాత్రికులు ముందు ఆమెకే కనబడుతున్నారు. "ఇది అన్యాలం గాదా సిస్టరమ్మా?" అని చిన్నామె మొర పెట్టుకుంది. "నువ్వూ ఒక కుర్చీ తెచ్చుకో, వద్దన్ననా?" అంది అవ్వ, నేరుగా ఆమెతోనే.

ఎక్స్‌రే చూసి డాక్టరు కొత్త తుంటి బాగా కుదురుకుందన్నాడు. బస్సు పోతుందేమోనని ఇద్దరూ ఒకరినొకరు తొందరపెట్టుకుంటూ గేటు వైపు నడిచారు. నేను వార్డులోకి పోయాను. చెర్ల వైపు నుంచి తొడ ఎముక విరిగిన ముసలాయన ఒకరు అప్పుడే వచ్చారు. ఆయన ఊరు ఎక్కడో, దారెలా ఉంటుందో కనుక్కోవాలి.