ఊరు దాటాలంటే ఒక మంచం కావాలి

ప్రతి డిసెంబరులోనూ త్రిపురసుందరి టీచరును బడి విహారయాత్ర నుంచి ఎంతో ప్రేమగా తప్పించేవారు. "మీకెందుకు మేడం శ్రమ, రెస్టు తీసుకోండి" అనేవారు హెడ్మాస్టరు. పలాసలోని ఆ ప్రైవేటు హైస్కూల్లో సోషల్ చెప్పేది ఆవిడే. గోల్కొండ గుమ్మంలో చప్పట్లు కొడితే కొండమీద వినిపిస్తుందని పిల్లలకు పాఠం చెప్పేది ఆవిడ. వెళ్ళి కొట్టి వచ్చేది మాత్రం పీఈటీ సారు. కిడ్నీలు పాడయ్యాక ఆవిడకు రోజు విడిచి రోజు డయాలసిస్. అంత దయగా పక్కన పెడుతుంటే ఎలా పోట్లాడాలో తెలియక, బస్సుకు చెయ్యి ఊపి, స్టాఫ్‌రూములో పేపర్లు దిద్దుకునేది.

కిందటేడు మాత్రం బస్సు వెళ్ళిపోయాక ఇంటికొచ్చి భర్తతో అంది: "బావా, హైదరాబాదు పోదాం."

భర్త సింహాచలం మేనత్త కొడుకే. జలంత్రకోటలో కొబ్బరికాయల వ్యాపారం. "ఈ సలిలోనా?" అన్నాడు.

"సలి కాబట్టే. నాకు రోజుకి లీటరు నీళ్ళేనని మర్సిపోనావేటి? ఎండాకాలం ఊర్లు తిరిగితే దాహంతోనే సత్తాను."

డయాలసిస్ వాళ్ళకు ఇంకో ఊళ్ళో వంతు దొరకడం దైవాధీనం. పలాస సెంటరులో టెక్నీషియన్ మోహన్ తల గోక్కున్నాడు. "మీ పేరు ఈ సెంటరుకే ఉంది మేడం. ఆళ్ళు ఇవ్వాలని రూలేటీ లేదు. తెలిసినోళ్ళని బతిమాలి సూత్తాను." బతిమాలాడు. హైదరాబాదులో ఒక సెంటరు ఆదివారం పొద్దున్న రమ్మంది.

శుక్రవారం ఇక్కడ డయాలసిస్ చేయించుకుని, స్వెట్టరు వేసుకుని రైలెక్కింది. శనివారం సాయంత్రానికి ట్యాంక్‌బండ్ మీద ఉన్నారు.

"ఇదేటి, సెరువు" అని పెదవి విరిచాడు సింహాచలం. "మన సముద్రం ముందు దీని బతుకెంత?"

"మన సముద్రం మజ్జిలో బుద్ధుడున్నాడేటి? మాటలాపి పడవెక్కు."

ఎక్కారు. చలిగాలికి ఆవిడ చెవులకు కొంగు చుట్టుకుంది, ఆయన మఫ్లరు చుట్టుకున్నాడు. బుద్ధుడి కాళ్ళ దగ్గర తీసుకున్న ఫోటోలో ఇద్దరి ముక్కులే కనిపిస్తాయి.

పడవ దిగాక కొబ్బరిబొండాల బండి కనబడింది. ఇక సింహాచలాన్ని ఆపేదెవరు? ఒక్కో కాయనూ తట్టి చూసి, ఇది ముదురు, ఇది కోసి వారమైంది అని తీర్పులివ్వడం మొదలుపెట్టాడు. బండివాడు కాసేపు ఓర్చుకుని, "కొంటవా అన్నా, పరీక్షలేనా?" అన్నాడు. ఒకటి కొనక తప్పలేదు.

కొబ్బరితోటల్లో పుట్టి బొండాం నీళ్ళు తాగకూడని మనిషి త్రిపుర. అందులో ఉండే పొటాషియం ఆవిడకు పడదు.

"తియ్యగుందా?" అని అడిగింది.

"సప్పగుంది" అన్నాడతను. అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

అప్పుడే ఫోను. రేపటి మంచం ఇవ్వలేమని, స్థానికులే ఎక్కువయ్యారని సెంటరువాళ్ళు చెప్పారు.

సింహాచలం బొండాం పక్కన పెట్టేశాడు. "పద, రాత్రి రైలుకే పోదాం. గోల్కొండ ఎక్కడికీ పోదు."

"పొద్దున్న ఆ సెంటరుకే పోయి కూకుంటాను. కాదంటే రేపే రైలెక్కుదాం."

"కూకుంటే మంచమిత్తారేటి?"

"ఇన్నేళ్ళు స్టాఫ్‌రూములో కూకున్నాను. ఏటిచ్చారు?"

పొద్దున్న నర్సు దీప్తి మర్యాదగానే చెప్పింది. "ఖాళీ లేదమ్మా. రాత్రి షిఫ్టులో ఒక మంచం ఉంది కానీ, అది లోకల్ పేషెంట్ల అత్యవసరానికే. మీరు ఊరెళ్ళి చేయించుకోవచ్చు కదా?"

"నేను ఊరు చూడ్డానికి వచ్చానమ్మా. నువ్వు ఏ ఊరెళ్ళినా నీ కిడ్నీలు నీతోనే వస్తాయి. నావి పలాసలో ఉండిపోయాయి."

వెనక బెంచీ మీద ఎవరో నవ్వారు. "ఏటమ్మా, ఉద్దానమేటి?"

ఆయన పేరు గోవిందరావు. పలాస పక్కనే, కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ ఉద్దానంలో కవిటి వైపు మనిషి, హైదరాబాదులో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్. కాసేపట్లో తన వంతు. సంగతి విని దీప్తితో అన్నాడు: "నా వంతు టీచరమ్మకిచ్చీండి. నేను లోకలే కదా, ఆ రాత్రి మంచం నాకియ్యండి."

దీప్తి డాక్టరుకు ఫోను చేసి, ఇద్దరినీ చూసి, సరేనంది.

"మీ రుణం ఎలా తీర్చుకోవాలన్నా?" అంది త్రిపుర. "మా వైపు రండి. మా ఇంట్లోనే దిగండి."

"ఆశుంది తల్లీ. మా సముద్రం సూసి ఎన్నేళ్ళయిందో. కానీ అక్కడ నాకు మంచమెవరిత్తారు?"

ఉద్దానం నీళ్ళు తాగి కిడ్నీలు పాడయ్యాయో, మరే కారణమో శాస్త్రవేత్తలు తేల్చనీ. ఆ మనిషికి మాత్రం ఉద్దానంలోనే చోటు లేదు.

సోమవారం గోల్కొండ. మెట్లెక్కే ఓపిక ఆవిడకు లేదు కాబట్టి సింహాచలాన్ని ఎక్కించింది. అతను దారిపొడుగునా తిట్టుకుంటూ పైకి చేరి ఫోను చేశాడు. ఆవిడ కింద గుమ్మంలో నిలబడి, ఇన్నేళ్ళు చెప్పిన పాఠంలోని చప్పట్లు కొట్టింది.

"ఇనిపించిందా బావా?"

"ఫోన్లో ఇనిపించింది."

"ఫోను కట్టేసి ఇనవయ్యా."

మళ్ళీ కొట్టింది. పైనుంచి అతను తువ్వాలు ఊపాడు.

మంగళవారం పలాసలో సూది గుచ్చుతున్న మోహన్‌ను ఆవిడ అడిగిన మొదటి మాట, గోవిందరావుకు నాలుగు రోజులు ఇక్కడ మంచం ఇస్తారా అని. "రాత్రి షిఫ్టు లేదు మేడం. మనోళ్ళే బయట వరసలో ఉన్నారు" అన్నాడతను. ఆవిడ ఇప్పటికీ ప్రతి వంతుకూ అదే అడుగుతోంది.

ఒక్క మనిషి అడిగితే సరిపోదు. మీ ఊళ్ళో డయాలసిస్ సెంటరు ఉంటే, ఈ వారమే వెళ్ళి అడగండి: పైఊరి మనిషి వస్తే మంచం ఇస్తారా? లేదంటే ఎందుకు లేదో అడగండి. యంత్రాలు చాలవంటే, చాలినన్ని పెట్టమని మీ ఎమ్మెల్యేను నలుగురిలో అడగండి. పలాస, టెక్కలి, సోంపేట వాళ్ళు ముందుగా గోవిందరావు కోసం అడగండి. ఆయన సెలవు కూడా మాట్లాడుకుని ఉన్నాడు. మంచం దొరకడమే తరువాయి.